మా చెరువు గ్రూపుకి కంపెనీ ఆరు లక్షలు ఇస్తానంటోంది, తీసుకోవచ్చా?

ప్రశ్న: మేం పన్నెండు మందిమి. నాలుగేళ్లుగా ఆదివారాలు మా ఊరి చెరువు గట్టు శుభ్రం చేస్తున్నాం, మొక్కలు నాటుతున్నాం. రిజిస్ట్రేషన్ లేదు, ఉన్నదల్లా వాట్సాప్ గ్రూపే. ఒక కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీలు లాభాల్లో కొంత సమాజం కోసం పెట్టే ఖర్చు) కింద ఆరు లక్షలు ఇస్తామంటూ కాగితాలు అడుగుతోంది. తెలిసిన ట్రస్టు వాళ్లేమో "మా పేరు మీద తీసుకోండి, పదిహేను శాతం మాకివ్వండి" అంటున్నారు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా స్నేహితుడు రెండు లక్షలు నా ఖాతాకే పంపుతానంటున్నాడు. ఏం చేయమంటారు సార్?

జవాబు: చివరిదాంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ డబ్బు ఈపాటికే మీ ఖాతాలో పడి ఉంటుందేమోనని నా భయం. పడకపోతే వెంటనే ఫోన్ చేసి ఆపండి. విదేశీ పౌరుడు ఇచ్చే విరాళం 2010 నాటి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కిందికి వస్తుంది. అతను మనూళ్లో పుట్టాడా, తెలుగు మాట్లాడతాడా అన్నది చట్టం చూడదు, పాస్‌పోర్టు చూస్తుంది. ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా విదేశీ పౌరుడే. అదే ఇండియన్ పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఎన్‌ఆర్‌ఐ తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఈ చట్టం అడ్డు రాదు. ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థ పెట్టి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో అసలు పని మీద 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి, కాబట్టి ఇప్పట్లో ఆ దారి మీకు లేదు. "నా ఖాతాలోకే కదా, ఎవరికి తెలుస్తుంది" అనుకోవద్దు, ఉల్లంఘనకు ఐదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. స్నేహితుడికి మరీ మనసు లాగితే ఈసారి సెలవులకి వచ్చినప్పుడు మీతో పాటు గట్టు మీద పార పట్టమనండి.

ఇక కంపెనీ డబ్బు. కంపెనీ తన సీఎస్ఆర్ పని బయటి సంస్థ చేత చేయించాలంటే ఆ సంస్థ రిజిస్టరైన సొసైటీయో, పబ్లిక్ ట్రస్టో, సెక్షన్ 8 కంపెనీయో (లాభాపేక్ష లేని కంపెనీ) అయి ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చినవాళ్లకి పన్ను రాయితీ) కావాలి, సీఎస్ఆర్ పనులు చేసే సంస్థగా కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదైన సీఎస్ఆర్-1 నంబరు కావాలి, పైగా అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. మీ నాలుగేళ్ల ఆదివారాలు ఈ లెక్కలోకి రావాలని నాకూ ఉంది గానీ, అనుభవం సంస్థకు ఉండాలన్నది నిబంధన, అందుకే కంపెనీలు మామూలుగా రిజిస్ట్రేషన్ తేదీ నుంచే లెక్కేస్తాయి. అంటే రేపు పొద్దున్నే రిజిస్టర్ చేయించినా ఈ ఆరు లక్షలు మీ చేతికి రావు.

కానీ రావాల్సిన అవసరం ఏముంది? చాలామందికి తట్టని సంగతి ఇదే. కంపెనీ తన సీఎస్ఆర్ పనిని నేరుగా తానే చేసుకోవచ్చు, అప్పుడు ఎవరికీ సీఎస్ఆర్-1 అక్కర్లేదు. మొక్కలు, ట్రీగార్డులు, చెత్త ఎత్తే ట్రాక్టరు బాడుగ, గ్లౌజులు, అన్నీ కంపెనీ పేరు మీదే బిల్లు అవుతాయి, అమ్మినవాళ్లకు కంపెనీయే నేరుగా చెల్లిస్తుంది. మీరు చేసేది చాకిరీ, ఇచ్చేది ఫోటోలు, రిపోర్టు. రూపాయి మీ చేతిలోకి రాదు కాబట్టి లెక్క చెప్పే టెన్షన్ కూడా మీది కాదు. చిన్న గ్రూపులకి నేను మొదట చెప్పేది ఈ పద్ధతే.

ట్రస్టు వాళ్ల సంగతి. ఇంకో సంస్థ ద్వారా పని చేయడం తప్పేమీ కాదు, వాళ్ల సర్టిఫికెట్ అద్దెకు తీసుకోవడం తప్పు. తేడా ఎక్కడంటే, ఆ ప్రాజెక్టు నిజంగా ట్రస్టుది అయి, ఫీల్డులో పని చేసేది మీరేనని కంపెనీకి తెలిసి, ట్రస్టు నిర్వహణ ఖర్చు బడ్జెట్లో కనబడేలా రాసి, ముగ్గురి మధ్యా ఒప్పంద పత్రం ఉంటే బాగానే ఉంటుంది. అలా కాకుండా పదిహేను శాతం చాటుగా తీసుకుంటామంటే ఆ లోటు పూడ్చడానికి ఎవరో ఒకరు దొంగ బిల్లు పెట్టాలి. పెట్టేది మీరే అవుతారు, అందులో అనుమానం లేదు.

రిజిస్ట్రేషన్ అనవసరం అనడం లేదు. మూడేళ్ల లెక్క ఎప్పుడో ఒకప్పుడు మొదలుకావాలి కదా, ఇప్పుడే మొదలుపెట్టండి. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు, మీరు పన్నెండు మంది ఉన్నారు. ఆశయాల్లో పర్యావరణ పరిరక్షణ అని స్పష్టంగా రాయండి, ఆదాయపు పన్ను చట్టం దాన్ని విడిగా ధర్మకార్యంగా గుర్తించింది. "ప్రజాసేవ" అని గాలివాటుగా రాసుకొచ్చి తర్వాత 12ఏ దగ్గర తంటాలు పడినవాళ్లను చూశాను. సంస్థ మూతపడితే ఆస్తులు అలాంటి ఇంకో సంస్థకే పోతాయన్న నిబంధన మర్చిపోవద్దు. కమిటీలో భార్యాభర్తలు, బావమరదులు నిండిపోకుండా చూసుకోండి. చట్టం అడిగినా అడక్కపోయినా గ్రాంటు ఇచ్చేవాళ్లు అడుగుతారు. ఖాతా సంస్థ పేరు మీద ఉండాలి, చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. తర్వాత కేంద్ర ప్రభుత్వ శాఖల గ్రాంటుకి వెళ్తే స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో నంబరు తీసుకోవాలి. 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారిపోయాయి, 12ఏ, 80జీ అన్నవి జనం నోట్లో మిగిలిన పాత పేర్లు, ఫారం నింపేటప్పుడు ఆడిటర్‌ని అడగండి.

మీరు అడగని మాట ఒకటి. చెరువు మీది కాదు. ఒడ్డున ప్లాస్టిక్ ఏరితే ఎవరూ ఏమీ అనరు, కానీ గ్రాంటు డబ్బుతో జేసీబీ పెట్టి పూడిక తీసినా, గట్టు మీద ఏదైనా కట్టినా, ఆ చెరువు ఎవరి అధీనంలో ఉంటే వాళ్ల దగ్గర, అంటే నీటిపారుదల శాఖో పంచాయతీయో, రాతపూర్వక అనుమతి ఉండాలి. మంచి పనే కదా అని ముందు దిగి తర్వాత నోటీసు అందుకుంటే కంపెనీ మీ పక్కన నిలబడదు.

ముందుగా ఆ అనుమతికి అర్జీ పెట్టి, రసీదు కాపీ జతచేసి, "ఖర్చు మీరే నేరుగా పెట్టండి, పని మేం చేస్తాం" అని కంపెనీకి ఈ వారమే మెయిల్ పంపండి. వాళ్ల సీఎస్ఆర్ లెక్క ఆర్థిక సంవత్సరం ప్రకారం నడుస్తుంది, మార్చి చివర్లో అడిగితే ఎవరూ ఫోన్ ఎత్తరు.