ఇంగ్లండ్‌లో కౌన్సిల్ (స్థానిక సంస్థ) ప్లానింగ్ రికార్డుల ద్వారా, అంటే నిర్మాణ అనుమతుల రికార్డుల ద్వారా, రూఫింగ్ కస్టమర్లు దొరుకుతారా?

దొరుకుతారు, కానీ అన్ని పనులకూ కాదు. మామూలు ఇంటికి పాత పెంకులు తీసి అలాంటివే వేయడానికి సాధారణంగా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు, కాబట్టి ఆ పని కౌన్సిల్ ప్లానింగ్ రిజిస్టర్‌లోకి రాదు. వచ్చేవి ఎక్స్‌టెన్షన్లు, డార్మర్లు (వాలు పైకప్పు నుంచి బయటికి పొడుచుకొచ్చే కిటికీ గూళ్లు), లిస్టెడ్ భవనాల (చట్టరక్షణ ఉన్న చారిత్రక కట్టడాల) మార్పులు.

కౌన్సిల్ సైట్‌లో వారం వారం వచ్చే జాబితా తెరిచి ‘రూఫ్’, ‘డార్మర్’, ‘లాఫ్ట్’ అని వెతకండి. లాఫ్ట్‌కి (పైకప్పు కింది అటకను గదిగా మార్చడానికి) అనుమతి అవసరం లేకపోయినా చాలామంది లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ (పని చట్టబద్ధమేనని కౌన్సిల్ ఇచ్చే పత్రం) తీసుకుంటారు, అవీ అక్కడే కనిపిస్తాయి.

చాలామంది తప్పు చేసేది టైమింగ్‌లో. ఇంటి దరఖాస్తుపై నిర్ణయానికి గడువు మామూలుగా 8 వారాలు. అనుమతి వచ్చాక కూడా పని మొదలుపెట్టడానికి సాధారణంగా 3 ఏళ్లు ఉంటుంది. దరఖాస్తు పడిన రోజే ఉత్తరం పంపితే అది చెత్తబుట్టలోకే. అసలు చూడాల్సింది షరతుల డిశ్చార్జ్ దరఖాస్తులు, అంటే అనుమతితో పాటు పెట్టిన షరతులు తీర్చామని ఆమోదం కోరేవి: ‘పైకప్పు పెంకుల శాంపిల్ ఆమోదం’ అని కనిపిస్తే పని దగ్గరపడినట్టే.

డ్రాయింగ్‌లో సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) కూడా చూడండి. వాలు 20 డిగ్రీలే ఉండి మట్టి ప్లెయిన్ టైల్స్ (చిన్న చదును పెంకులు) అని రాస్తే నీళ్లు లోపలికి దిగుతాయి. వాటికి సాధారణంగా కనీసం 35 డిగ్రీలు కావాలి. ఆ ఒక్క మాట యజమాని తరఫున దరఖాస్తు వేసిన ఏజెంట్‌కి, అంటే తరచుగా ఆర్కిటెక్ట్‌కి, మర్యాదగా రాస్తే పది బ్రోచర్ల కంటే బాగా పనిచేస్తుంది. ఆయన దగ్గర తర్వాతి పనులూ ఉంటాయి. ఇంటి యజమానికైతే పోస్టులో ఒకే ఒక్క ఉత్తరం, అంతే.