ఇరవై రెండేళ్లు లేత్ మీద పనిచేశాను, మావాడు మళ్లీ అక్కడికే వస్తానంటున్నాడు

ప్రశ్న: నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా టర్నర్‌ని, అంటే లేత్ మెషీన్ మీద లోహాన్ని తిప్పుతూ కోసేవాణ్ని. నా చేతుల గ్రీజు మా అబ్బాయికి అంటకూడదనే చదివించాను. ఇప్పుడు వాడు బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం. కాలేజీ ఫెస్ట్‌లో రోబో వార్ ఉందట. నలుగురు స్నేహితులతో కలిసి 15 కేజీల రోబో చేస్తానంటున్నాడు. దాని ముందు గిర్రున తిరిగే ఉక్కు బ్లేడు ఉంటుందట, దాంతో అవతలి రోబోను కొట్టాలట. తన వంతు పది వేలు అడుగుతున్నాడు. ఆ డబ్బుతో కోడింగ్ కోర్సులో చేర్పిద్దామని నా ఆలోచన. ఇది చదువా, ఆటా? ప్రమాదం కాదా? దీంతో ఉద్యోగం వస్తుందా?
- ఒక తండ్రి, విజయవాడ

జవాబు: నా సలహా ముందే చెప్పేస్తాను. చేయనివ్వండి. కానీ 15 కేజీలది మాత్రం ఇప్పుడు వద్దు. మొదటిది కేజీన్నర లోపు ఉండాలి. ఎందుకో వివరంగా రాస్తున్నాను. ఇందులో సగం సంగతులు మీ అబ్బాయి కన్నా మీకే తొందరగా అర్థమవుతాయి.

మన కాలేజీ ఫెస్టుల్లో ఎక్కువగా 8, 15, 30, 60 కేజీల తరగతులు కనిపిస్తాయి. కొన్ని చోట్ల ఇంకా చిన్నవీ పెడుతున్నారు. అమెరికాలో 3 పౌండ్లది, అంటే 1.36 కేజీలది, బాగా పేరున్న తరగతి. దాన్ని బీటిల్‌వెయిట్ అంటారు. అంత చిన్న రోబోలో 300 గ్రాముల ఉక్కు బార్, 15 సెంటీమీటర్ల పొడవుది, నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతోందనుకోండి. అందులో దాచుకున్న శక్తి సుమారు 197 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). కేజీ రాయిని ఆరంతస్తుల మేడ మీద నుంచి వదిలితే నేలకు తగిలే దెబ్బ అంతే ఉంటుంది. బార్ చివరి వేగం గంటకు 226 కిలోమీటర్లు. అరచేతి కన్నా కాస్త పొడవైన ముక్కకే ఇంత బలం.

ఇప్పుడు 15 కేజీల రోబో చూద్దాం. 3 కేజీల బార్, 40 సెంటీమీటర్ల పొడవు, 4,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 4,000 చుట్లు. శక్తి దాదాపు 3,500 జౌళ్లు. అదే ఆరంతస్తుల మేడ మీద నుంచి 18 కేజీల బండ పడినట్టు. స్పీడు సగమే అయినా దెబ్బ పద్దెనిమిది రెట్లు. మొదటిసారి చేసే పిల్లల చేతిలో ఇది ఉండకూడదని నేను గట్టిగా చెప్తాను. చిన్నదీ ప్రమాదమే, కానీ అందులో జరిగే తప్పుకు ఎక్కువసార్లు ఒక బేరింగ్ పోతుంది, పెద్దదానిలో జరిగే తప్పుకు మనిషికే దెబ్బ తగలవచ్చు.

దీనికో పాత సంఘటన ఉంది. 1994లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో మార్క్ థోర్ప్ అనే ఆయన రోబో వార్స్ పోటీ మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది జేమీ హైనెమన్, ఆడమ్ సావేజ్ కలిసి బ్లెండో అనే రోబోను తెచ్చారు. పైన బోర్లించిన చైనా బాణలి, దానికి బ్లేడ్లు, ఒళ్లంతా గిరగిరా తిరుగుతుంది. అది కొట్టిన దెబ్బకు అవతలి రోబో ముక్కలు అడ్డుగోడ దాటి జనం వైపు ఎగిరాయి. ఇక ఆడవద్దని చెప్పి, గెలుపులో వాటా ఇచ్చి పక్కన పెట్టారు. తిరిగే ఆయుధం ఉన్న రోబోను నాలుగు వైపులా మూసిన పాలీకార్బనేట్ (దెబ్బకు తట్టుకునే గట్టి ప్లాస్టిక్) పెట్టె లోపలే తిప్పాలి. యాక్రిలిక్ షీటు పనికిరాదు, అది పగిలి పెంకులవుతుంది. మీ షాపులో, ఇంటి మేడ మీద, హాస్టల్ గదిలో ఒక్క సెకను కూడా బ్లేడు తిప్పకూడదు. కాలేజీలో సరైన పెట్టె లేకపోతే అది ఏర్పాటయ్యే దాకా ఆగాల్సిందే.

చక్ (లేత్‌లో జాబ్‌ను బిగించి పట్టుకునే భాగం) బిగించే కీని చక్‌లోనే వదిలేసి మెషీన్ ఆన్ చేయకూడదని మీకు మొదటి రోజే చెప్పి ఉంటారు. ఇక్కడ కూడా అలాంటి నియమం ఉంది. రోబో పెట్టె బయట ఉన్నంతసేపూ ఆయుధానికి లాక్ పెట్టి ఉండాలి. లాక్ అంటే బ్లేడు కదలకుండా రంధ్రంలో దూర్చిన గట్టి పిన్ను. కరెంటు లింకు పెట్టేది చివర, తీసేది మొదట. రిమోట్ సిగ్నల్ పోతే మోటార్లు వాటంతట అవే ఆగిపోవాలి, దీన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు. గ్రైండింగ్ వీల్ స్టార్ట్ చేసేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడే అలవాటు మీకు ఒంటబట్టి ఉంటుంది. ఆ అలవాటు మీవాడికి ఏ కోర్సులోనూ నేర్పరు, మీరే నేర్పాలి. బ్యాటరీ కూడా చిన్న విషయం కాదు. లిథియం పాలిమర్ సెల్‌ను 4.2 వోల్టులు దాటించకూడదు, దాచిపెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి, ఉబ్బితే మళ్లీ వాడకూడదు. ఛార్జింగ్ పెట్టి నిద్రపోకూడదు.

ఇక ఇది చదువా, ఆటా అని అడిగారు. కుర్రాళ్లు సాధారణంగా చేసే తప్పు ఒకటి చెప్తాను, జవాబు మీకే దొరుకుతుంది. స్పీడు రెట్టింపు చేస్తే శక్తి నాలుగు రెట్లవుతుందని పుస్తకంలో చదివి, ఆర్‌పీఎం పెంచుకుంటూ పోతారు. రింగులోకి వెళ్తే బ్లేడు అవతలి రోబోను పట్టుకోదు, గీరి జారిపోతుంది. కారణం మీకు తెలుసు. మిల్లింగ్ కట్టర్‌లో (తిరుగుతూ లోహాన్ని కోసే పళ్ల చక్రంలో) ఒక్కో పన్నుకు ఎంత ఫీడ్ పడుతోందని, అంటే ఎంత లోహం అందుతోందని చూస్తారు కదా? ఫీడ్ తక్కువై స్పీడు ఎక్కువైతే టూల్ కోయదు, రుద్దుతుంది. ఇదీ అంతే. రెండు రోబోలు సెకనుకు 2 మీటర్ల వేగంతో దగ్గరవుతున్నాయి, బ్లేడు 8,000 ఆర్‌పీఎంలో ఉంది, రెండు పళ్లున్నాయి అనుకుంటే, పన్ను లోపలికి దిగగలిగేది 7.5 మిల్లీమీటర్లే. ఒకే పన్ను పెడితే 15 మిల్లీమీటర్లు. కానీ ఒకే పన్ను పెడితే రెండో వైపు బరువు సరిచూసుకోవాలి, లేకపోతే ఫోర్ జా (నాలుగు దవడల) చక్‌లో సెంటర్ తప్పిన జాబ్‌లా రోబో అంతా వణికిపోతుంది. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది, రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో కాగితం మీద లెక్క వేసి తేల్చుకోవాలి. ఇంజనీరింగ్ డిజైన్ అంటే ఇదే. నాలుగేళ్లలో ఈ పని ఒక్కసారి కూడా చేయకుండా పట్టా తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది నాకు నిజంగా బాధ.

బరువు పంచుకోవడమూ అలాంటిదే. చక్రాలు, వాటి మోటార్లకు 30 శాతం, ఆయుధానికి 30, బాడీకి 25, బ్యాటరీ, ఎలక్ట్రానిక్స్‌కు 15 అని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. 1.36 కేజీల్లో ఆయుధానికి వచ్చేది 400 గ్రాములు. మోటారు, షాఫ్టు, బేరింగులు, పుల్లీ, బ్లేడు అన్నీ అందులోనే. గ్రాము గ్రాముకూ స్నేహితులతో వాదించాల్సి వస్తుంది. ఆ వాదన మంచిదే.

మెటీరియల్ దగ్గర మీ అవసరం ఎక్కువ. పాత కారు బ్రేక్ డిస్క్ కోసి బ్లేడు చేద్దామని ఎవరో ఒకరు అంటారు. అది క్యాస్ట్ ఐరన్. దాన్ని తిప్పితే చిప్స్ చుట్టలుగా రావు, పొడిలా రాలతాయని మీరు రోజూ చూస్తుంటారు. అంత పెళుసు లోహం దెబ్బ తగలగానే పగిలి ఎగురుతుంది. ఈఎన్24 లాంటి గట్టి రకం ఉక్కు తీసుకుని హార్డెనింగ్ (కాల్చి చల్లార్చి గట్టిపరచడం), టెంపరింగ్ (మళ్లీ కాస్త కాచి పెళుసుదనం తగ్గించడం) చేయించాలి. హార్డ్‌నెస్ మరీ పెరిగితే పన్ను చిట్లుతుంది, తగ్గితే అణిగిపోతుంది. షాఫ్టు తిరగకుండా బాడీకి బిగించి, బేరింగులు బ్లేడు హబ్‌లో (మధ్య భాగంలో) కూర్చోబెడితే ఆ షాఫ్టే బాడీకి బలమవుతుంది. మోటారును నేరుగా బ్లేడుకు తగిలించకుండా బెల్టు పెడితే, దెబ్బ తగిలినప్పుడు బెల్టు జారుతుంది, మోటారు బతుకుతుంది. రోబో మలుపు తిరిగేటప్పుడు ఒకవైపు చక్రం గాలిలోకి లేస్తే మీవాడు కంగారు పడతాడు. నిలువుగా తిరిగే బ్లేడు ఉంటే అది మామూలే. డైనమిక్స్ ఆఫ్ మెషినరీలో వచ్చే జైరోస్కోప్ పాఠం అదే. ఒకసారి కళ్లతో చూస్తే ఆ పాఠాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. రోబోలతో కొట్లాడించే ఉద్యోగాలు మన దేశంలో లేవు. పోటీలో గెలిచిన కప్పు చూసి ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు. క్యాంపస్‌కు వచ్చే చాలా కంపెనీలు ముందు అడిగేది 60 శాతం మార్కులు ఉన్నాయా, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా అని. కాబట్టి ఒక్క సబ్జెక్టు పోయినా రోబో ఆపేయాలని ముందే మాట తీసుకోండి. ఆ గడప దాటాక మాత్రం ఈ పని అక్కరకొస్తుంది. డిజైన్, టెస్టింగ్, ఎలక్ట్రిక్ వాహనాలు, డ్రోన్లు, ఆటోమేషన్, ఏ కోర్ ఇంటర్వ్యూలో అయినా "ఈ బేరింగ్ ఎందుకు పెట్టావు?" అని అడిగితే, "మొదట పెట్టింది మూడో దెబ్బకు పోయింది, అందుకని" అని చెప్పగలిగే కుర్రాడు వేరుగా కనిపిస్తాడు. అందుకోసం ఒక నోటు పుస్తకం పెట్టమనండి. ఏ రోజు ఏం విరిగింది, ఎందుకు విరిగిందని అనుకున్నాడు, ఏం మార్చాడు, ఫొటోతో సహా. నా దృష్టిలో కప్పు కన్నా ఆ పుస్తకానికే విలువ ఎక్కువ.

పైకి వెళ్లినవాళ్లు ఉన్నారు. పాల్ వెంటిమిలియా అనే అమెరికన్ ఇంజనీర్ చేసిన బైట్ ఫోర్స్ రోబో 2015, 2018, 2019లలో బ్యాటిల్‌బాట్స్ అనే అమెరికా టీవీ రోబో పోటీ గెలిచింది. అంతకు ముందు, 2009లో, ఆయన వోర్సెస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థిగా ఉన్నప్పుడే ఆయన జట్టు నాసా పోటీలో 5 లక్షల డాలర్ల బహుమతి గెలుచుకుంది. చంద్రుడి మట్టిలాంటి మట్టిని తవ్వే రోబో చేయాలన్నది ఆ పోటీ. బ్రెజిల్‌లో మినోటార్ అనే రోబోను నడిపే రియోబాట్జ్ జట్టు ఒక విశ్వవిద్యాలయానిదే. ఆ జట్టు వెనకున్న ప్రొఫెసర్ మార్కో మెజ్జొలారో పరిశోధన లోహాలు ఎలా అలిసిపోతాయి, ఎలా విరుగుతాయి అన్నదాని మీదే.

మన దగ్గరా దారులున్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. బీటెక్ తర్వాత టూల్ డిజైన్, క్యాడ్ క్యామ్ (కంప్యూటర్‌తో డిజైన్, తయారీ) వైపు వెళ్లాలనుకుంటే అక్కడి కోర్సులు చూడమనండి. 2023లో రాయదుర్గంలో మొదలైన టీ-వర్క్స్‌లో ప్రోటోటైప్‌లు చేసుకునే మెషీన్లు ఉన్నాయి. గేట్ బాగా రాస్తే ఎంటెక్‌తో పాటు డీఆర్‌డీవో శాస్త్రవేత్త పోస్టులకూ ఆ స్కోరు పనికొస్తుంది.

కోడింగ్ వద్దని నేను అనను. రోబో చేస్తూనే క్యాడ్ సాఫ్ట్‌వేర్, కాస్త పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవచ్చు. బ్లేడు శక్తి, పన్ను దిగే లోతు లెక్కలు పైథాన్‌లో వేయమనండి, మొదటి ప్రోగ్రాంకు అది చాలు. వాడికి ఇష్టం లేని కోర్సుకు పది వేలు కట్టడం కన్నా ఇది మేలు.

మీరు రాసిన గ్రీజు మాట గురించి ఒకటి చెప్పాలి. గ్రీజులో మీరు పడ్డ కష్టం నాకు అర్థమైంది. మీ అబ్బాయి ఆ కష్టంలోకి తిరిగి రావడం లేదు. మీకు చేతుల్లో ఉన్న పనిని కాగితం మీద ముందే లెక్కగట్టడం నేర్చుకోవాలనుకుంటున్నాడు. మీ షాపులో పెరిగాడు కాబట్టే వాడికి ఈ కోరిక పుట్టిందని నా నమ్మకం. వాడి తరగతిలో ఎంతమందికి మైక్రోమీటర్ పట్టుకోవడం నేర్పగల నాన్న ఉన్నాడు?

కాబట్టి డబ్బు ఇచ్చే ముందు డ్రాయింగ్ అడగండి. 1.36 కేజీల రోబోకు బ్లేడు, షాఫ్టు, హబ్, కొలతలతో, టాలరెన్సులతో (కొలతలో ఎంత తేడా ఉండొచ్చో), ఏ మెటీరియలో రాసి తెమ్మనండి. ఐదుగురిలో ఎవరి పని ఏమిటో, విడి భాగాలకు ఎంత పక్కన పెట్టారో కూడా అదే కాగితం మీద ఉండాలి. నా లెక్కలో మొత్తం డబ్బులో మూడో వంతైనా విడి భాగాలకు ఉండాలి. బయటి కస్టమర్ తెచ్చిన జాబ్ చూసినట్టే ఆ డ్రాయింగ్ చూడండి. దాన్ని బట్టి మీరు మెషీన్ మీద పని మొదలుపెట్టగలిగితే డబ్బు ఇచ్చేయండి. లేకపోతే బేరింగ్ ఫిట్ రాయలేదనో, చాంఫర్ (అంచు ఏటవాలుగా కోయడం) మర్చిపోయావనో ఎర్ర పెన్నుతో రాసి వెనక్కి పంపండి, మళ్లీ గీసుకొస్తాడు.