ఉష్ణమండల తీరంలో చేపపిల్లల శాంపిల్ తీయడానికి ఏ వల వాడాలి?

మడ అడవి కాలువ, సముద్రపు గడ్డి, పగడపు దిబ్బ, ఈ మూడు చోట్లా చేపపిల్లలను పోల్చాలి, మా గైడ్ ఒకే వలతో కానిచ్చేయమంటున్నారు, కుదురుతుందా అని అడిగారు. కుదరదు. ఈ మూడు చోట్లా నేను ఫీల్డ్ పని చేశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

వల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీకు ఏ సైజు పిల్ల కావాలో తేల్చుకోండి. గుడ్డులోంచి అప్పుడే బయటపడి రెండు మూడు మిల్లీమీటర్ల ఒంటితో నీటి వాలున కొట్టుకుపోయే లార్వా ఒకటి. దిబ్బ చేరడానికి సిద్ధమైన సెంటీమీటరు పైచిలుకు లార్వా ఇంకొకటి. వేర్ల మధ్యో గడ్డిలోనో స్థిరపడిపోయిన చిట్టి చేప మరొకటి. మూడూ ఒకే జాతివి కావచ్చు గానీ ఒకదాన్ని పట్టే వలలో రెండోది పడదు.

మొదటి రకానికి బోంగో వల. పక్కపక్కనే రెండు గుండ్రటి రింగులు, సాధారణంగా ఒక్కోటి 60 సెంటీమీటర్ల వ్యాసం, వాటి వెనక పొడవాటి సంచులు. పడవ రెండు నాట్ల వేగంతో పోతుంటే అడుగుకు దగ్గర దాకా దించి, ఏటవాలుగా మెల్లగా పైకి లాగుతారు. రింగు నోట్లో ఫ్లోమీటర్, అంటే వల గుండా ఎంత నీరు పోయిందో తిరిగే అంకెలతో చూపే మీటర్, తప్పనిసరి. నేను వాడిన మీటర్లో ఒక్కో అంకెకు సుమారు 2.7 సెంటీమీటర్ల దూరం. 20,000 అంకెలు తిరిగితే దాదాపు 540 మీటర్లు. దాన్ని రింగు వైశాల్యం 0.283 చదరపు మీటర్లతో గుణిస్తే 150 ఘనపు మీటర్లకు పైగా నీరు వడకట్టినట్టు. '100 ఘనపు మీటర్లకు ఇన్ని లార్వాలు' అని రాయగలిగేది ఈ లెక్కతోనే. రీడింగ్ రాసుకోని లాగుడును నేనైతే పక్కన పడేస్తాను.

తీరానికి దగ్గరి నీళ్లలో అసలు తలనొప్పి వల మూసుకుపోవడం. లార్వాలకు ఎక్కువగా 333 మైక్రాన్లు లేదా 500 మైక్రాన్ల దరిదాపు మెష్ (వల కన్ను సైజు) వాడతారు. చిన్న మెష్ అయితే చిన్న లార్వాలు జారిపోవు, కానీ మడ ఆకుల తుక్కు, జెల్లీచేపలు, నాచు కలిసి కళ్లన్నీ పూడ్చేస్తాయి. అప్పుడు నీరు నోట్లోకి రాకుండా పక్కనుంచి తప్పుకుపోతుంది. సంచి చివరి డబ్బా విప్పితే చిక్కటి గోధుమరంగు జావ. దాన్ని తెల్ల ట్రేలో పోసి వంగి చూస్తే లార్వా ఒళ్లు కనపడదు, గాజులా ఉంటుంది. జంటగా కదిలే రెండు నల్ల చుక్కలు, అంటే కళ్లు, ముందు కనిపిస్తాయి. ఒకే చోట అంతే సేపు లాగినా మీటర్ అంకెలు లాగుడు లాగుడుకూ పడిపోతున్నాయంటే వల మూసుకుపోతోందని అర్థం. అప్పుడు ఐదు నిమిషాల పొట్టి లాగుళ్లు మేలు. వల కడిగేటప్పుడు నీళ్లు బయటివైపు నుంచే కొట్టండి. లోపలికి కొడితే వల వడకట్టని నీటిలోని ప్రాణులు కూడా శాంపిల్లో చేరిపోతాయి.

రెండో రకం బోంగోకు చిక్కదు. వల రావడం చూసి తప్పుకుంటుంది. స్టోబుట్జ్‌కీ, బెల్‌వుడ్ అనే పరిశోధకులు 1997లో దిబ్బ చేపల లార్వాలను, దాదాపు స్థిరపడే వయసువాటిని, సెకనుకు 13.5 సెంటీమీటర్ల ప్రవాహంలో ఈదించి చూశారు. తిండి లేకుండానే సగటున 40 కిలోమీటర్ల దూరానికి సమానంగా ఈదాయి. పగలు వలలో పెద్ద లార్వాలు పడలేదని 'ఇక్కడ లేవు' అని రాసేయకండి. రాత్రి లాగితే కొంత నయం.

వీటికి లైట్ ట్రాప్, అంటే నీళ్లలో దీపం పెట్టి లార్వాలను లోపలికి రప్పించే బోను, మంచిది. పీటర్ డోహర్టీ 1987లో దీని గురించి రాసినప్పుడే ఇది ఎంచుకుని పడుతుందని, అయినా పనికొస్తుందని చెప్పారు. నా అనుభవమూ అదే. వెలుగుకు వచ్చే డామ్సెల్ చేపల్లాంటి కుటుంబాలు గుంపులుగా వస్తాయి, కొన్ని కుటుంబాలు అసలు తొంగిచూడవు. అమావాస్య చుట్టుపక్కల రాత్రులు పెట్టండి. వెన్నెల్లో దీపానికి అంత ఆకర్షణ ఉండదు, పైగా చాలా జాతులు దిబ్బకు చేరేది చీకటి రాత్రుల్లోనే. మీ పనికి అసలు చిక్కు వేరే ఉంది. తేట నీళ్లలో దీపం చాలా దూరం కనిపిస్తుంది, మడ కాలువ బురద నీళ్లలో కొద్ది దూరంలోనే మసకబారుతుంది. కాబట్టి దిబ్బ ట్రాప్‌లో రెండొందలు, కాలువ ట్రాప్‌లో ఇరవై పడితే ఆ తేడా చేపలదో నీటిదో ఎవరూ చెప్పలేరు. గైడ్ చెప్పిన 'ఒకే పరికరం' వాదన సరిగ్గా ఇక్కడే కూలిపోతుంది.

దిబ్బ అంచున కదలకుండా కట్టే క్రెస్ట్ నెట్‌లు కూడా ఉన్నాయి. ఫ్రెంచ్ పాలినీషియాలోని మూరేయాలో వీటితో మంచి పని జరిగింది. అయితే అలలు దిబ్బ మీద విరిగి నీరు ఎప్పుడూ లోపలి మడుగులోకే పోయే చోట్లకే ఇవి సరిపోతాయి.

ఇక స్థిరపడిన పిల్లలు. ఒడ్డు నుంచి లాగే బీచ్ సీన్ వల మామూలు ఇసుక మీద బాగా పనిచేస్తుంది. గడ్డి మీద మాత్రం దాని అడుగు తాడు ఆకుల మీదుగా దొర్లిపోతుంది, పిల్లలు కింద నుంచి జారుకుంటాయి. రోజాస్, మినెల్లో 1997లో ఇలాంటి లోతు తక్కువ నీళ్ల పరికరాలన్నిటినీ సమీక్షించి, లాగే వలల కంటే చుట్టూ మూసేసే పరికరాలనే వాడమన్నారు. నేనూ త్రో ట్రాప్ పక్షమే. అడుగు, మూత లేని ఒక చదరపు మీటరు పెట్టె అది. ఒక్క ఊపులో విసిరి, అంచులు బురదలోకి తొక్కి, లోపలంతా చేతివలతో తోడాలి. వరసగా కొన్నిసార్లు ఖాళీ వచ్చేదాకా ఆపకండి. గడ్డి వేళ్లలో నక్కే గోబీలనే చిన్న చేపలు చివర్లోనే బయటపడతాయి.

మడ అడవి అన్నిటికంటే మొండిది. ఊతవేర్ల మధ్య ఏ వలా సాగదు. చిన్న కాలువ అయితే పోటు నిండుగా ఉన్నప్పుడు దాని నోటికి అడ్డంగా వల కట్టి, నీరు దిగేదాకా కాచుకోవడం ఒక దారి. అడుగు తాడు బురదలో పూడ్చాలి, ఎక్కడ జానెడు సందున్నా చేపలన్నీ అక్కడి నుంచే పోతాయి. లోపలి గుంటల్లో మిగిలిన వాటినీ ఏరాలి. పోటు సమయంలో ఎంత నేల మునిగిందో కొలిస్తేనే సాంద్రత లెక్క వస్తుంది. నీరు తేటగా ఉంటే ఈదుతూ లెక్కపెట్టడమో, కెమెరా పెట్టడమో చేయొచ్చు. బురద నీళ్లలో ఆ ఆశ వదులుకోండి.

మీ డిజైన్‌కు నా సలహా: స్థిరపడిన పిల్లలనే తీసుకోండి. గడ్డిలో త్రో ట్రాప్, కాలువలో అడ్డువల, దిబ్బ మీద కంటితో లెక్క. సాంద్రతలను నేరుగా పోల్చకుండా ఏ జాతి ఏ సైజులో ఎక్కడుంది అనేది పోల్చండి. రెండు పద్ధతులూ పనిచేసే ఒక అంచు ప్రాంతంలో రెండూ పక్కపక్కన వేసి చూడండి, ఏది దేన్ని వదిలేస్తోందో మీకే తెలుస్తుంది. పిల్లలు ఎక్కువ కనిపించాయి కాబట్టి 'నర్సరీ' అని రాయడానికి తొందరపడకండి. అక్కడ పెరిగినవి పెద్ద చేపల గుంపులోకి మిగతా చోట్లకంటే ఎక్కువగా చేరుతున్నాయని చూపిస్తేనే ఆ మాట నిలుస్తుంది.

శాంపిల్ భద్రం గురించి రెండు ముక్కలు. ఆ ఎండలకు లార్వాలు చాలా త్వరగా పాడవుతాయి, పడవ మీదే ద్రావణంలో వేసేయండి. ఆకారం చూడాలంటే ఫార్మలిన్. కానీ అది చెవిరాళ్లను కరిగించేస్తుంది, డీఎన్ఏను పాడుచేస్తుంది. వయసు లెక్కకు రోజుకో వలయం చొప్పున ఏర్పడే ఆ రాళ్లే కావాలి, కాబట్టి అందుకు 95 శాతం ఇథనాల్ వాడి, మర్నాడు మార్చండి. బోంగోకు రెండు సంచులుండటం ఇక్కడ కలిసొస్తుంది, ఒకటి ఇందులో, ఒకటి అందులో. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి, ఇథనాల్ తగిలితే పెన్ను సిరా చెదిరిపోతుంది. జాతి తేల్చడంలో చాలా లార్వాల దగ్గర కుటుంబం పేరుతోనే ఆగిపోతారు, బడ్జెట్‌లో డీఎన్ఏ బార్‌కోడింగ్‌కు, అంటే డీఎన్ఏ ముక్క చూసి జాతి గుర్తించే పద్ధతికి, ఇప్పుడే చోటుంచండి. మడ, దిబ్బ రెండూ చాలా చోట్ల రక్షిత ప్రాంతాలు, అనుమతి కాగితాలు ముందే పెట్టుకోండి.

గైడ్ ఒక్క పరికరానికే పట్టుబడితే దిబ్బను ప్రాజెక్టులోంచి తీసేసి, గడ్డినీ మడ అంచునూ త్రో ట్రాప్‌తో చేయండి.