సుజాతకి, ముక్క పరీక్ష (బయాప్సీ) తేదీల గురించి

రాయగడ

చి.ల.సౌ. సుజాతకి పిన్ని ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. కొట్లో బేరం మనుషులున్నారు, వాళ్ల ముందు గర్భసంచి మాటలు ఎలా మాట్లాడను? అందుకే రాస్తున్నాను. నువ్వు పంపిన రిపోర్టు ఫొటో నాలుగుసార్లు చదివాను. 2004లో నా కాగితం మీద కూడా ఇదే మాట ఉంది. అప్పుడు నాకు 36 ఏళ్లు. మీ అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఎండోమెట్రియల్ హైపర్‌ప్లాసియా అంటే గర్భసంచి లోపలి పొర అతిగా పెరగడం. పొరని పెంచేది ఈస్ట్రోజెన్ అనే హార్మోన్, దాన్ని అదుపులో పెట్టేది ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్. అండం విడుదల కాని నెలలో ఆ రెండోది సరిగా తయారవదు. నీకేమో పెళ్లికి ముందునుంచీ పీసీఓడీ, అండం సరిగా విడుదల కాదు. మూడేసి నెలలు ముట్టు రాదు, వస్తే ఇరవై రోజులు ఆగదు. పొర అలా పేరుకుంది. మీ అత్తగారన్నట్టు పఖాళ (చద్దన్నం) తిన్నందుకూ కాదు, నీళ్ల బిందెలు మోసినందుకూ కాదు.

ఆ పేరు పక్కనే ఇంకో మాట ఉంటుంది, పేచీ అంతా దానితోనే. అటిపియా, అంటే పొరలో కణాల రూపు మారి తేడాగా కనబడడం, ఉందా, లేదా? లేకపోతే ఇరవయ్యేళ్లలో నూటికి ఐదుగురికి కూడా కేన్సర్‌గా మారదు. ఉంటే, మందు లేకుండా వదిలేసినవాళ్లలో ఏళ్లు గడిచేసరికి నూటికి పాతిక, ముప్పై మంది దాకా మారుతుంది. పరీక్షకని పొర నుంచి తీసిన ముక్కలో దొరకని చిన్న కేన్సర్ పక్కనే దాగి ఉండే అవకాశమూ ఉంది. నీ కాగితంలో అటిపియా ఉందని రాశారు. నీ దగ్గర దాచను.

అందుకని సంచి తీసేద్దామన్న డాక్టరమ్మ మీద కోపం పెట్టుకోకు. అటిపియా ఉంటే పుస్తకం ప్రకారం మొదట చెప్పాల్సింది అదే. మన వైపు చిన్న వంకకే సంచి తీయించేస్తారన్న మాటా నిజమే, దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రా ఒకటి. ఆ భయంతోనే నేను అప్పట్లో నా డాక్టరమ్మ మాట పూర్తిగా వినకుండా లేచి వచ్చేశాను. నువ్వు అలా చెయ్యకు. కూర్చుని ఒక్కటే అడుగు: "నాకు పిల్లలు కావాలి. కొన్నాళ్లు మందులతో ఆగొచ్చా? ఎన్నాళ్లు?" పిల్లలు కావాలనుకునేవాళ్లకి ఆ దారి ఉంది. దానికి ముందు ఎమ్మారై తీసి, హిస్టెరోస్కోపీలో లోపల కళ్లారా చూసి, కేన్సర్ లేదని తేల్చుకుంటారు. అందుకే కేన్సర్ చూసే గైనిక్ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. బరంపురం మెడికల్ కాలేజీలో అడుగు, కటక్‌లో ఆచార్య హరిహర్ కేన్సర్ ఆస్పత్రి ఉంది. నన్నడిగితే విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆస్పత్రికి వెళ్లమంటాను, భాష మనది. అనారోగ్యం సంగతి ఒడియాలో చెప్పుకోవడం నాకు ఈనాటికీ రాదు, ముప్పై ఏళ్లుగా ఇక్కడే కొట్టు నడుపుతున్నా. మన ఆరోగ్య కార్డు ఒడిశాది కాబట్టి అక్కడ చెల్లుతుందో లేదో చేరకముందే కౌంటర్లో అడిగి తెలుసుకో.

వెళ్లేటప్పుడు కాగితం ఒక్కటే సరిపోదు. నీ ముక్కని మైనం దిమ్మలో దాచి ఉంచుతారు, దాన్ని బ్లాక్ అంటారు. ఆ బ్లాకూ, గాజు స్లైడ్లూ అడిగి తీసుకెళ్లి అక్కడ మళ్లీ చదివించు. అటిపియా విషయంలో ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పడం కద్దు. నా స్లైడ్లు ఒక నర్సింగ్ హోంలో పోగొట్టారు, తప్పెవరిదని నిలదీస్తే ఎవరిదీ కాదన్నారు. మళ్లీ మొదటినుంచీ క్లీనింగ్ (పొర గీకి ముక్క తీయడం) చేయించుకున్నాను.

మందు రెండు రకాలు. రోజూ మింగే ప్రొజెస్టెరాన్ జాతి మాత్రలు ఒకటి. కాపర్ టీలా గర్భసంచి లోపల పెట్టే, లెవోనార్జెస్ట్రెల్ (అదీ ఆ జాతి మందే) ఉన్న సాధనం రెండోది. ఇది మందుని నేరుగా పొరకే అందిస్తుంది కాబట్టి ఇప్పుడు చాలామంది దీనివైపే మొగ్గుతున్నారు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు రక్తం చుక్క చుక్కగా కనబడుతూనే ఉంటుంది, బెంగెట్టుకోకు. అయితే గంటకో ప్యాడ్ తడిసిపోయినా, కళ్లు తిరిగినా ఆ రాత్రికే ఆస్పత్రికి వెళ్లు. మీ అత్తగారు తప్పకుండా అంటారు, "పిల్లలకోసమని వెళ్లి పిల్లలు పుట్టకుండా లూప్ వేయించుకొచ్చిందేటి?" అని. అల్లుడినే చెప్పమను: పొలం దున్నాకే విత్తు, ఇది దున్నడం. పొర శుభ్రపడ్డాక తీసేస్తారు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. నాకు మాత్రలిచ్చారు, మూడో నెలలో మళ్లీ ముక్క పరీక్షకి రమ్మన్నారు. రెండో నెలకే రక్తం ఆగిపోయింది. ఒంట్లో బాగుంది, తగ్గిపోయిందనుకున్నాను. ఇంతలో మీ బాబాయి చెల్లెలి పెళ్లి, ఆపైన దసరా బేరం. ఎనిమిదో నెలకి వెళ్తే అది అలాగే ఉంది. రక్తం ఆగినంత మాత్రాన పొర బాగుపడినట్టు కాదని అప్పుడు తెలిసింది. తర్వాత పెద్ద మోతాదు వేశారు, ఒక పరీక్ష బాగొచ్చింది, పిల్లలకోసం ప్రయత్నించాం, నిలవలేదు, మళ్లీ అదే తిరగబెట్టింది. 2007లో సంచి తీయించేసుకున్నాను. ఆ ఐదు నెలలు పోకుంటే బిడ్డ పుట్టేదని అనను, ఎవరు చెప్పగలరు? కానీ ఆ ఐదు నెలలు చాలా రాత్రులు లెక్కపెట్టాను.

కొట్లో బాకీ పుస్తకంలో వాయిదా తేదీ ఎర్ర ఇంకుతో రాసుకుంటాం చూడు, ముక్క పరీక్ష తేదీ అలా రాసుకో. మూడు నెలలకోసారి. వరసగా రెండు పరీక్షలు శుభ్రంగా వచ్చేదాకా అలాగే జరగాలి. మజ్జిగౌరమ్మకి మొక్కుకుంటామంటే మొక్కుకోండి, నేనే గుడికి తీసుకెళ్తా. మొక్కు తేదీ, పరీక్ష తేదీ ఒకే రోజు పడితే మొక్కు మర్నాడు తీర్చుకోవచ్చు.

ఈ మందు నడిచే నెలల్లో ఊరికే కూర్చోకండి. అల్లుడి వీర్యపరీక్ష ఇప్పుడే చేయించు, ముందు నీ సంగతి తేలాక చూద్దామంటే ఒప్పుకోకు. నీ పొర శుభ్రపడ్డాక అతనిలో లోపం తెలిస్తే మళ్లీ కాలం పోతుంది, నీకు కాలమే కరువు. ఫర్టిలిటీ డాక్టర్‌ని కూడా ఇప్పుడే కలువు. పరీక్ష బాగుందని తేలాక "దేవుడిచ్చినప్పుడు" అనుకుంటూ ఏడాది ఆగడానికి లేదు. అండం పెరిగే మాత్రలో, అవసరమైతే ఐవీఎఫ్‌వో, వెంటనే మొదలుపెట్టమంటారు. కాన్పులయ్యాక సంచి తీయించుకోమంటారు, ఆ మాట ఇప్పుడే విని ఉండు.

బరువు గురించి ఎవరన్నా అంటే నీకు మంట, నాకు తెలుసు. కానీ కొవ్వు కూడా ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది. 80 కేజీల మనిషి నాలుగైదు కేజీలు తగ్గినా ముట్టు దారిలో పడొచ్చు. చోడి అంబలి తాగు, వంశధార గట్టున నడువు. అంబలితో అటిపియా పోతుందని ఎవరైనా చెప్తే మాత్రం దండం పెట్టి వచ్చేయ్. పసరు మందు జోలికి అసలు పోకు.

పుట్టబోయే బిడ్డ గురించి నేనేమీ మాటివ్వను. అందరూ నీకు మాటిస్తున్నారు, అది నీకు బరువే. నాకు పిల్లలు లేరు, అయినా మీ అమ్మ నన్నెప్పుడూ జాలిగా చూడలేదు. ఏడుపొస్తే ఆవిడ దగ్గర ఏడువు, లేకపోతే రాత్రి తొమ్మిది తర్వాత కొట్టు కట్టేశాక నాకు ఫోన్ చెయ్యి.

విశాఖకి నేనూ వస్తాను. నువ్వు గుణుపూర్ పాసింజరెక్కు, నేను ఇటు పార్వతీపురం మీదుగా వస్తా, విజయనగరంలో కలుద్దాం. బ్లాక్ అడిగేటప్పుడు డబ్బు కట్టిన పాత రసీదు చూపించమంటారు, అది వెతికి పెట్టుకో.

పిన్ని