మచ్చల మాట సరే, ఆ గుంట సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 41. గోళ్ల మీద తెల్లమచ్చలు కాల్షియం లోపమని ఎవరో చెబితే నాలుగు నెలలుగా కాల్షియం, బయోటిన్ మాత్రలు వాడుతున్నాను. మచ్చలు తగ్గకపోగా గోళ్లు మధ్యలో గుంటపడి విరుగుతున్నాయి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువ, మెట్లెక్కితే ఆయాసం. ఇంతకన్నా మంచి బయోటిన్ చెప్పగలరా?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: తెల్లమచ్చలు చాలావరకు గోటి మొదట్లో తగిలిన చిన్న దెబ్బల గుర్తులేనమ్మా, గోరు పెరిగేకొద్దీ అవే చివరికి జరిగిపోతాయి. మీరు చివర్లో మాటవరసకు రాసిన రక్తస్రావం, ఆయాసమే నాకు ముఖ్యంగా తోస్తున్నాయి. గోళ్లరంగు తీసేసి, గోటి మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. జారిపోకుండా గుంటలో నిలిచిందంటే అది చెంచాగోరు కావచ్చు, దానికి తరచుగా కనిపించే కారణం ఐరన్ లోపం. (గోరింటాకు గోటి రంగును కప్పుతుంది గానీ ఆకారాన్ని కాదు.) అయితే గోటిని బట్టి జబ్బును నిర్ధారించలేము కాబట్టి సీబీపీ (రక్తకణాల, హిమోగ్లోబిన్ లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు) పరీక్షలు చేయించాలి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. 12 దాటినా నిశ్చింతగా ఉండడానికి లేదు, ఎందుకంటే ముందు తరిగేది ఐరన్ నిల్వలు, హిమోగ్లోబిన్ తగ్గేది ఆ తర్వాతే.

ఇక బయోటిన్ అనే విటమిన్ సంగతి. మెడికల్ షాపులో అడగ్గానే ఇస్తారు కనుక దాన్ని మందుగా ఎవరూ లెక్కచేయరు, డాక్టరు అడిగినా చెప్పరు. ఎక్కువ మోతాదులో వాడితే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష ఫలితం కూడా తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. థైరాయిడ్ మందగించినా నెలసరి రక్తస్రావం పెరుగుతుంది; అప్పుడు టీఎస్‌హెచ్ సాధారణంగా ఎక్కువగా కనిపించాలి. మాత్ర కారణంగా ఆ లోపం రిపోర్టులో కనబడకుండా పోతే నష్టం మీకే. అందుకే రక్తం ఇచ్చే ముందు ఎన్ని రోజులు ఆపాలో మీ వైద్యుణ్ణి అడగండి, వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి. నాలుగు నెలలు మాత్రలు మింగే బదులు మొదటి నెలలోనే ఒక్క రక్తపరీక్ష చేయించి ఉండాల్సింది.

పరీక్షలో లోపం తేలి, వైద్యులు ఐరన్ రాస్తే దాన్ని కాల్షియంతోగానీ టీతోగానీ కలిపి వేసుకోకండి. రెండూ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది కనుక కొత్త గోరు పూర్తిగా రావడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. రక్తస్రావానికి మాత్రం అంత గడువు ఇవ్వకూడదు; ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా అపాయింట్‌మెంటు కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.