టెక్ సందేహాలు: కొత్త కెమెరా కొనేముందు పాత ఫొటోలు తిరగేయండి

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఫొటోగ్రఫీ చుట్టూనే తిరిగాయి. కొన్ని కొనుగోళ్ల గురించి, ఒకటి పోయిన ఫొటోల గురించి, ఇంకొకటి బిడియం గురించి. ఆ బిడియం ప్రశ్నకు కాస్త ఎక్కువ చోటిచ్చాను. ఎందుకంటే కెమెరా పట్టుకోవడం నాకు నేర్పింది పుస్తకాలకన్నా పక్కన నడిచిన మనుషులే.

ప్రశ్న: మూడేళ్లుగా ఏపీఎస్-సీ (చిన్న సైజు) సెన్సర్ కెమెరాతో, దాంతోపాటే వచ్చిన 18-55 లెన్స్‌తో ఫొటోలు తీస్తున్నాను. మా గ్రూపులో ఒక్కొక్కరే పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలకి మారిపోతున్నారు. సాయంత్రాలు ఇంట్లో పిల్లల ఫొటోలు నాకు సరిగ్గా రావడం లేదు. నేనూ మారాలా?

జవాబు: ముందు మీ కంప్యూటర్లో ఉన్న ఏడాది ఫొటోలు తెరవండి. షట్టర్ నొక్కిన ప్రతిసారీ కెమెరా ఆ ఫైల్లోనే ఎగ్జిఫ్ అనే సమాచారం రాసి పెడుతుంది. ఏ లెన్స్ వాడారు, ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత వెడల్పుగా లేదా దగ్గరగా చూస్తుందో చెప్పే ఎంఎం అంకె) ఎంత, ఎపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుందన్నది) ఎంత, షట్టర్ వేగం ఎంత, ఐఎస్‌ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచే అంకె) ఎంత అన్నీ అందులో ఉంటాయి. లైట్‌రూమ్ క్లాసిక్‌లోనూ, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లోనూ ఈ వివరాలను బట్టి ఫొటోలను వడపోయొచ్చు. అన్నీ అక్కర్లేదు, మీకు నచ్చి దాచుకున్నవాటినే చూడండి.

వాటిలో ఎక్కువ భాగం 55 ఎంఎం దగ్గర తీసినవై, ఆ తర్వాత మళ్లీ క్రాప్ చేసుకున్నవైతే మీకు కావలసింది దూరాన్ని దగ్గరకు లాగే లెన్స్. గోడకు వీపు ఆనించి 18 దగ్గర తీసినవే ఎక్కువుంటే ఇంకా వెడల్పుగా చూసే లెన్స్ కావాలి. ఐఎస్‌ఓ 3200, 6400 దాకా పోయి, అయినా పిల్లల చేతులు అలుక్కుపోయి ఉంటే వెలుతురు చాలడం లేదని అర్థం. మీ సమస్య ఈ మూడోదే అనిపిస్తోంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. తక్కువ వెలుతురులో ఫొటో బాగా రాలేదనగానే కెమెరా మీద నేరం మోపుతారు. ఒక చిన్న లెక్క చూడండి. మీ కిట్ లెన్స్ (కెమెరాతోపాటే వచ్చిన 18-55) 50 ఎంఎం దగ్గర ఎంత తెరిచినా దాదాపు ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు). అదే చోట 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే దాదాపు 10 రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. ఇక సెన్సర్ సంగతి. ఫుల్‌ఫ్రేమ్ కొలత 36×24 మిల్లీమీటర్లు. మీ కెమెరాలోని ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5×15.6 ఉంటుంది (కానన్‌లో ఇంకాస్త చిన్నది). వైశాల్యం లెక్కన తేడా రెండు రెట్లకు కొంచెం ఎక్కువ, అంతే. బాడీ మారిస్తే రెండింతలు, లెన్స్ మారిస్తే పదింతలు! పైగా ఎఫ్/1.8 లెన్స్ దాదాపు ప్రతి కంపెనీ జాబితాలోనూ చవకైనవాటిలో ఒకటి.

కొనేముందు ఇంకొక్కటి గమనించండి. మీ సెన్సర్ మీద 50 ఎంఎం లెన్స్ ఫుల్‌ఫ్రేమ్‌లో 75 ఎంఎం చూసినంత ఇరుకుగా చూస్తుంది. ముఖాలకు అది అద్భుతం, చిన్న గదిలో నలుగురు పిల్లలకు మాత్రం కష్టం. అందుకే మీ 18-55ని ఒక సాయంత్రమంతా 35 దగ్గర, మరో సాయంత్రమంతా 50 దగ్గర కదపకుండా ఉంచి తీయండి. ఏది మీ ఇంటికి సరిపోతుందో రెండు రోజుల్లో తేలిపోతుంది.

మంచి లెన్సులు చేతిలో ఉండి కూడా రాత్రి ఆకాశం, స్టేజీ కార్యక్రమాల దగ్గర ఇబ్బంది పడుతుంటే అప్పుడు ఫుల్‌ఫ్రేమ్ గురించి ఆలోచించవచ్చు. గ్రూపులో అందరూ మారారంటే మీకు అదీ ఒక లాభమే. వాళ్లలో ఒకరి కెమెరా ఒక్క పూటకు అడిగి తీసుకోండి. కొన్నవాళ్లకు తమ కెమెరా చూపించడంకన్నా ఇష్టమైన పని ఉండదు, నిస్సంకోచంగా అడగండి.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో ఒక కెమెరా, రెండు లెన్సులు కొనబోతున్నాను. ఏమేం చూసుకోవాలి?

జవాబు: జేబులో ఒక చిన్న టార్చిలైటు వేసుకెళ్లండి. ఇది మొదటి సలహా, అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా.

నేను కొన్న మొదటి పాత లెన్స్‌ను కిటికీ దగ్గర పట్టుకుని చూసి మురిసిపోయాను. గాజు నిగనిగలాడుతోంది, మీద ఒక్క గీత లేదు. వారం తర్వాత ఎండకు ఎదురుగా తీసిన ఫొటోలన్నీ పాలపొర కప్పినట్టు తెల్లబారాయి. అప్పుడు లెన్స్‌ను చీకటి గదిలోకి తీసుకెళ్లి వెనకనుంచి టార్చి వేశాను. లోపలి గాజు అంచున, గోరంత మేర, సన్నటి తెల్లని పోగులు. సాలెగూడులా కొమ్మలు చాచుకుని ఉన్నాయి. బూజు! అమ్మినాయనకు అది తెలుసో లేదో చెప్పలేను కానీ, నేను అర నిమిషం టార్చి వేసి ఉంటే ఆ బాధ తప్పేది.

కాబట్టి రెండువైపులా మూతలు తీసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, టార్చిని ఏటవాలుగా వేసి, అటూ ఇటూ తిప్పుతూ చూడండి. లోపల నాలుగు దుమ్ము రేణువులు కనిపిస్తే కంగారు పడకండి, ఫొటోలో అవి కనిపించవు. పోగులు కనిపిస్తే మాత్రం వదిలేయండి. ఎపర్చర్ రేకుల మీద జిడ్డు మెరుపు ఉందేమో చూడండి. నూనె చేరితే కొన్ని లెన్సుల్లో అవి అతుక్కుని నెమ్మదిగా కదులుతాయి.

కెమెరాకొస్తే, ఎఫ్/16 పెట్టి ఫోకస్ కాస్త తప్పించి తెల్లటి గోడనో ఖాళీ ఆకాశాన్నో తీయండి. సెన్సర్ మీద దుమ్ముంటే నల్ల మచ్చలుగా కనిపిస్తుంది. బ్లోయర్‌తో ఊదితే పోయే మచ్చలు సమస్య కాదు. ఆ తర్వాత షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్నిసార్లు షట్టర్ పడిందన్న లెక్క. నికాన్ కెమెరాల్లో తీసిన ఫొటో ఫైల్లోనే ఈ సంఖ్య ఉంటుంది, ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ దాన్ని చదివి చెబుతుంది. కానన్‌లో చాలా మోడళ్లు దాన్ని ఫొటోలో రాయవు. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాను ఎలక్ట్రానిక్ షట్టర్‌తో వాడి ఉంటే మెకానికల్ షట్టర్ ఎక్కువ అరగదు, కాబట్టి ఈ ఒక్క అంకెనే పట్టుకుని బేరం తేల్చుకోవద్దు. కార్డు స్లాట్, ఫ్లాష్ తగిలించే చోటు, బ్యాటరీ తలుపు, ప్రతి బటనూ, ప్రతి చక్రమూ మీ చేత్తో తిప్పి చూడండి. మీ సొంత మెమరీ కార్డు తీసుకెళ్లి అక్కడ తీసిన ఫొటోలు ఇంటికి తెచ్చుకుని పెద్ద తెర మీద చూశాకే మాట ఇవ్వండి.

ఇంటికి తెచ్చాక లెన్సులను తోలు సంచిలో మూసి పెట్టకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ కొలిచే మీటరు చాలు. ఆ మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపిస్తుంటే నిశ్చింత.

ప్రశ్న: ప్రయాణం నుంచి తిరిగొచ్చాక పొరపాటున కార్డును ఫార్మాట్ చేసేశాను. చాలా టెన్షన్‌గా ఉంది. ఫొటోలు తిరిగొస్తాయా?

జవాబు: ఆ కార్డును ఈ క్షణమే కెమెరాలోంచి తీసేయండి. ఎస్‌డీ కార్డు పక్కన చిన్న లాక్ ఉంటుంది, దాన్ని కిందికి జరపండి. మామూలు ఫార్మాట్‌లో చెరిగిపోయేది ఫైళ్ల జాబితానే, ఫొటోలు చాలావరకు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్తగా ఏదైనా రాస్తేనే నిజంగా పోతాయి. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. దొరికిన ఫొటోలను కంప్యూటర్లో దాచమని చెప్పండి, అదే కార్డులో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పాత ఫైల్ పేర్లు పోతాయి, ఫొటోలు మాత్రం వస్తాయి. మీరు వాడింది ‘లో లెవెల్’ ఫార్మాట్ (కార్డు మొత్తాన్నీ చెరిపేసేది) అయితే ఆశ తక్కువ.

ఇకముందు మూడు కాపీలు ఉంచుకోండి. రెండు వేర్వేరు రకాల నిల్వల్లో, అందులో ఒకటి ఇంటి బయట. బ్యాకప్‌ల గురించి ఎవరిని అడిగినా చెప్పే ఈ 3-2-1 సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరే.

ప్రశ్న: డీఎస్‌ఎల్‌ఆర్‌ల (లోపల అద్దం ఉండే కెమెరాల) పని అయిపోయిందంటున్నారు. నా దగ్గర పాత నికాన్ లెన్సులు చాలా ఉన్నాయి. ఇప్పుడే అమ్మేయాలా?

జవాబు: కొత్త సరుకు విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. 2008లో పానాసోనిక్ జీ1తో మొదలైన మిర్రర్‌లెస్ దారిలోనే ఇప్పుడు నికాన్, కానన్, సోనీ నడుస్తున్నాయి. పెంటాక్స్ మాత్రం డీఎస్‌ఎల్‌ఆర్‌ను పట్టుకునే ఉంది. 2024లో పెంటాక్స్ 17 పేరుతో కొత్త ఫిల్మ్ కెమెరా కూడా తెచ్చింది, ఆ ధైర్యం నాకెంతో నచ్చింది. మీ చేతిలో ఉన్న కెమెరా మాత్రం నిన్న ఎంత బాగా తీసిందో రేపూ అంతే బాగా తీస్తుంది.

మీ లెన్సుల్లో ఏవేవి ఉన్నాయో ఒకసారి వేరు చేయండి. నికాన్ ఎఫ్ మౌంట్ (కెమెరాకు లెన్స్ తగిలించే బిగింపు) 1959 నుంచీ ఉంది. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఆ లెన్సులు నికాన్ జెడ్ మిర్రర్‌లెస్ కెమెరాలకు తగులుతాయి. అయితే ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ, ఏఎఫ్-ఐ లెన్సులకే ఆటోఫోకస్ పనిచేస్తుంది. ఏఎఫ్-డీ అని పిలిచేవి కెమెరాలోని మోటారు మీద ఆధారపడ్డవి. ఈ అడాప్టర్లో ఆ మోటారు లేదు, కాబట్టి వాటిని చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. ఈ సంగతి తెలియక కెమెరా కొని తర్వాత బాధపడ్డవాళ్లు ఉన్నారు. ఏఎఫ్-డీలు ఎక్కువుంటే పాత బాడీని ఉంచుకోండి.

ప్రశ్న: ఏఐ బొమ్మల కాలంలో నా ఫొటో నిజమైనదని రుజువు చేసే కెమెరాలు వచ్చాయట, నిజమేనా?

జవాబు: వచ్చాయి. 2023 అక్టోబరులో వచ్చిన లైకా ఎం11-పీ, కంటెంట్ క్రెడెన్షియల్స్ అనే ఈ సౌకర్యంతో వచ్చిన మొదటి కెమెరా. ఫొటో తీసిన క్షణంలోనే అందులో డిజిటల్ సంతకం చేరుతుంది. ఇంకా పసి దశలోనే ఉంది. నికాన్ 2025లో జెడ్6 III కెమెరాకు ఈ సౌకర్యం ఇచ్చిన కొద్ది రోజులకే, మల్టిపుల్ ఎక్స్‌పోజర్ (ఒకే ఫ్రేమ్‌లో పలు ఫొటోలు కలిపే పద్ధతి) దారిలో వేరే బొమ్మకు కూడా సంతకం పడుతోందని ఒక వినియోగదారుడు కనిపెట్టాడు. కంపెనీ సేవను ఆపి, ఇచ్చిన సర్టిఫికెట్లను రద్దు చేసింది. వార్తా ఫొటోగ్రాఫర్ కాకపోతే దీనికోసం కెమెరా మార్చాల్సిన పని లేదు. రా ఫైళ్లు (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫైళ్లు) భద్రంగా ఉంచుకోండి, అవే మీ సాక్ష్యం.

ప్రశ్న: నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది. దగ్గర్లో ఫొటోవాక్ (అందరూ కలిసి నడుస్తూ ఫొటోలు తీయడం) జరుగుతోందని తెలిసింది. పెద్ద పెద్ద కెమెరాల మధ్య ఫోన్ పట్టుకుని వెళ్లాలంటే మొహమాటంగా ఉంది.

జవాబు: దయచేసి వెళ్లండి.

నా మొదటి ఫొటోవాక్‌లో నేను వెనక వెనకే నడిచాను. ఒక ఆకు మీద నీటిబొట్టును తీయబోతుంటే నా లెన్స్ అంత దగ్గరకు ఫోకస్ కావడం లేదు. పక్కన ఓ పెద్దాయన కాసేపు చూసి, ఏమీ అనకుండా తన కెమెరాను ముఖం కిందికి ఉండేలా పట్టుకుని మాక్రో లెన్స్ (అతి దగ్గరి ఫొటోలకు వాడేది) విప్పారు. దుమ్ము లోపల పడకుండా అలా పట్టుకోవాలని అప్పుడే తెలిసింది. ‘‘తీసుకోండి బాబూ, చుక్క చుక్కకూ కలిపి తిప్పండి’’ అంటూ లెన్స్ మీది తెల్ల చుక్కను చూపించారు. క్లిక్‌మని బిగిసింది. ఆ నీటిబొట్టులో తలకిందులుగా ఒక చెట్టు కనిపించింది. ఆయన మిగిలిన గంటంతా తన లెన్స్ లేకుండానే, నా కిట్ లెన్స్‌తో తిరిగారు.

ఈ లోకంలో ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. 1998 నుంచి కెమెరా సమీక్షలు రాస్తున్న డీపీరివ్యూ వెబ్‌సైట్‌ను మూసేస్తున్నట్టు 2023 మార్చిలో దాని యజమాని అమెజాన్ ప్రకటించింది. ఏళ్ల తరబడి జనం ఒకరికొకరు రాసుకున్న జవాబులు గాల్లో కలిసిపోతాయని తెలిసి, వాటిని భద్రపరచడానికి స్వచ్ఛందంగా పూనుకున్నవాళ్లను చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. చివరికి ఆ ఏడాది జూన్‌లో గేర్ పట్రోల్ అనే మీడియా సంస్థ దాన్ని కొనుక్కోవడంతో అది నిలబడింది.

ఫోన్‌తో వెళ్లేటప్పుడు లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడుచుకోండి, వేలిముద్రే సగం ఫొటోలను పాడు చేస్తుంది. ఫొటోలు చూపించుకునేటప్పుడు ‘బాగుందా?’ అని అడక్కండి, అందరూ బాగుందనే అంటారు. ‘మీ కన్ను ముందు ఎక్కడికి వెళ్లింది?’ అని అడగండి. మీరు చూపించాలనుకున్నచోటు కాకుండా ఇంకెక్కడికో వెళ్లిందంటే ఏం సరిచేయాలో మీకే తెలుస్తుంది. ఇంకొకరి ఫొటోకు మీ మాట చెప్పాల్సి వచ్చినా ఇదే పద్ధతి, ముందు మీరు ఏం చూశారో చెప్పండి, మార్పు ఆ తర్వాత. గ్రూపులో ఫొటోలు పంచుకునేటప్పుడు మెసేజింగ్ యాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది.

వాక్‌లో పాత కట్టడాలు తీసి ఉంటే వికీ లవ్స్ మాన్యుమెంట్స్ పోటీకి ఇవ్వండి. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైన ఈ పోటీకి మరుసటి ఏడాది వచ్చిన ఫొటోలు 1,68,000 పైచిలుకు. ప్రపంచంలోనే అతి పెద్ద ఫొటో పోటీగా గిన్నిస్ గుర్తింపు దక్కింది. ఫోన్ ఫొటోలూ తీసుకుంటారు. ఫొటో మీరు సొంతంగా తీసినదై ఉండాలి, ఎవరైనా వాడుకోవచ్చన్న లైసెన్స్‌తో ఇవ్వాలి. కట్టడాలకు లొకేషన్ వివరం ఉంచితే చూసేవాళ్లకు ఉపయోగం. పక్షి గూళ్ల ఫొటోలకూ, మీ ఇంట్లో తీసిన పిల్లల ఫొటోలకూ మాత్రం పంచుకునే ముందు ఆ వివరం తీసేయండి. చాలా ఫోన్ల గ్యాలరీలో ఫొటో వివరాలు తెరిస్తే లొకేషన్ తొలగించే ఆప్షన్ అక్కడే ఉంటుంది.