లీగ్ టూ పాయింట్ల పట్టికను చదవడం ఎలా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో నాలుగో అంచె అయిన లీగ్ టూలో ఒక జట్టు ఆటను ఆగస్టు నుంచీ చూస్తున్నాను. డిసెంబరు దాకా మొదటి అయిదు స్థానాల్లోనే ఉంది. ఫిబ్రవరి వచ్చేసరికి పదమూడుకు పడిపోయింది. మేనేజర్ మారలేదు, ఆట తీరూ మారలేదు. ఎందుకిలా?

ముందు జనవరిలో ఎవరు వెళ్లిపోయారో చూడండి. ఈ స్థాయి జట్లలో తుది పదకొండు మందిలో కొందరు సొంత ఆటగాళ్లు కారు. పెద్ద క్లబ్బులు మ్యాచ్ అనుభవం కోసం లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా పంపిన కుర్రాళ్లు. ఒప్పందంలో వెనక్కి పిలిపించుకునే షరతు ఉంటే, జనవరిలో బదిలీలు మొదలవగానే అసలు క్లబ్బు పిలిపించేసుకుంటుంది. పిలిచేదీ బాగా ఆడుతున్నవాడినే. అతన్ని ఇంకో మెట్టు పైనున్న లీగ్ వన్‌కు పంపాలనుకుంటారు మరి. సొంత ఆటగాడు రాణించినా అంతే, పై డివిజన్ నుంచి బేరం వస్తుంది. ఆ డబ్బు వద్దనుకునే స్తోమత లీగ్ టూలో చాలా క్లబ్బులకు లేదు.

రెండో కారణం వాతావరణం. 24 జట్లు, ఒక్కోదానికి 46 మ్యాచ్‌లు, అన్నీ ఆగస్టు నుంచి మే మొదటి వారం లోపల అయిపోవాలి. నేల గడ్డకట్టినా, గోల్ ముందు నీళ్లు నిలిచినా ఉదయమే రిఫరీ వచ్చి బంతి దొర్లుతుందో లేదో చూసి మ్యాచ్ వాయిదా వేస్తాడు. ఆ మ్యాచ్ ఏదో ఒక మంగళవారం రాత్రికి వెళ్తుంది. అలా మూడు నాలుగు పేరుకుంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో శని, మంగళ, శని అంటూ ఊపిరాడని వరస తయారవుతుంది. ఇరవై పైచిలుకు మంది ఉన్న జట్టులో ఇద్దరు సెంట్రల్ డిఫెండర్లు ఒకేసారి గాయపడితే అంచును కాపాడే ఫుల్‌బ్యాక్‌ను లోపలికి జరపాలి. అప్పుడు ఆ పక్క దారి తెరిచినట్టే. పైకి చూస్తే ఆట తీరు అదే, ఆడుతున్నవాళ్లే వేరు.

మీ జట్టు విషయంలో ఇది నిజమో కాదో తేల్చుకోవాలంటే నవంబరు నాటి తుది జట్టును, ఇప్పటి జట్టును పక్కపక్కన పెట్టండి. నలుగురైదుగురు మారి ఉంటే కారణం దొరికినట్టే. ఎవరూ మారకపోతే గత పది మ్యాచ్‌లలో గోల్స్ ఏ నిమిషాల్లో ఇచ్చారో రాసుకోండి. చివరి పావుగంటలోనే ఎక్కువగా ఉంటే అది అలసట. మొదటి అర్ధభాగంలోనే ఇస్తుంటే ప్రత్యర్థులు మీ జట్టు ఎత్తుగడను పసిగట్టారని అర్థం. అది మేనేజరు సరిదిద్దుకోవలసిన సమస్య.

జనవరి దెబ్బతీయడమే కాదు, నిలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 2020-21లో బోల్టన్ వాండరర్స్ చలికాలంలో లీగ్ టూ పట్టిక దిగువ భాగంలో ఉంది. ఆ బదిలీ గడువులో కీరన్ లీ, డెక్లాన్ జాన్, డాపో అఫోలాయన్ వంటివాళ్లు వచ్చి చేరాక వరస విజయాలతో మూడో స్థానానికి ఎగబాకి నేరుగా లీగ్ వన్‌కు వెళ్లింది. కాబట్టి ఫిబ్రవరి పట్టిక చూసి ఏ జట్టునూ లెక్కలోంచి తీసేయకండి.

ప్రశ్న: మా జట్టు ఒక మ్యాచ్ తక్కువ ఆడింది, పై జట్టుకన్నా మూడు పాయింట్లే వెనక. సమానమనే అనుకోవచ్చు కదా?

అనుకోకండి. ఆడని మ్యాచ్ గెలిచిన మ్యాచ్ కాదు. పైగా అది అలసిన కాళ్లతో మంగళవారం రాత్రి ఆడాల్సిన మ్యాచ్. మొత్తం పాయింట్లను ఆడిన మ్యాచ్‌లతో భాగించి పోల్చండి. ఈ లెక్క ఎంత కఠినమో ట్రాన్మియర్ రోవర్స్ అభిమానులకు తెలుసు. కరోనా వల్ల 2019-20 లీగ్ వన్ మధ్యలో ఆగినప్పుడు ట్రాన్మియర్‌కు 34 మ్యాచ్‌లలో 32 పాయింట్లు, పైనున్న ఏఎఫ్‌సీ వింబుల్డన్‌కు 35 మ్యాచ్‌లలో 35. సగటున 0.94, 1.00. తుది స్థానాలను ఆ సగటుతోనే ఖరారు చేశారు. ఆ ఒక్క మ్యాచ్ ఆడే అవకాశమే రాకుండా ట్రాన్మియర్ కింది డివిజన్‌కు వెళ్లాల్సి వచ్చింది. సీజన్ ఆగేముందు వరసగా గెలుస్తున్న జట్టు అది. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ప్రశ్న: వంద పాయింట్లు దాటినా పైకి వెళ్లని జట్టు ఉంటుందా?

నేరుగా వెళ్లని జట్టు ఉంది. లీగ్ టూలో మొదటి మూడు జట్లూ నేరుగా పైకి వెళ్తాయి. నాలుగు నుంచి ఏడు స్థానాల జట్లు ప్లేఆఫ్ ఆడితే ఒకటి వెళ్తుంది. చివరి రెండు కిందికి. దాని కిందనున్న నేషనల్ లీగ్‌లో నేరుగా వెళ్లేది ఒక్క చాంపియన్ మాత్రమే. 2022-23లో రెక్సమ్ 111 పాయింట్లు తెచ్చుకుంది, నాట్స్ కౌంటీ 107. నాట్స్ ఓడింది 46లో మూడే మ్యాచ్‌లు. ఏప్రిల్ 10న ఈ రెండూ తలపడినప్పుడు రెక్సమ్ 3-2 ఆధిక్యంలో ఉండగా 90 నిమిషాలు దాటాక కలిపిన సమయంలో నాట్స్‌కు పెనాల్టీ దొరికింది. గోల్‌కీపర్ బెన్ ఫోస్టర్ తన కుడివైపు దూకి ఆపేశాడు. తర్వాత నాట్స్ ప్లేఆఫ్ సెమీస్‌లో బోరమ్ ఉడ్ మీద 0-2 నుంచి కోలుకుని గెలిచి, వెంబ్లీలో చెస్టర్‌ఫీల్డ్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి పైకి వెళ్లింది. 107 పాయింట్ల జట్టు భవిష్యత్తు షూటౌట్ మీద ఆధారపడటం అన్యాయమే. ఇంకో నేరు బెర్తు ఇవ్వాలన్న డిమాండ్ సబబైనదే.

ప్రశ్న: మైదానంలో గెలిచిన పాయింట్లను కోసేస్తారెందుకు?

అప్పులు తీర్చలేక క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా వ్యవహారాలు చూసే బయటి నిర్వాహకుల చేతుల్లోకి వెళ్తే 12 పాయింట్లు పోతాయి. అప్పు తెచ్చి జీతాలు పోసి గెలిచేవాళ్లకు, ఉన్నంతలో సర్దుకునేవాళ్లకు తేడా ఉండాలన్నది ఉద్దేశం. మార్చిలో ఒక గడువు తేదీ ఉంటుంది. ఆలోపు అయితే కోత ఆ సీజన్‌లోనే. ఆ తర్వాత అయితే, కోత లేకుండానే జారిపోయే జట్టుకు వచ్చే సీజన్‌లో పడుతుంది. నిలబడే జట్టుకు అప్పుడే కోస్తారు. 2020లో విగన్‌కు జరిగింది అదే. రెండో అంచె అయిన చాంపియన్‌షిప్‌లో 59 పాయింట్లు సాధించి కూడా 47తో దిగిపోయింది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ లూటన్‌ది. 2008-09 లీగ్ టూను మైనస్ 30తో మొదలుపెట్టింది. ఆ సీజన్‌లోనే వెంబ్లీలో లీగ్ ట్రోఫీ గెలిచినా డివిజన్‌లో నిలబడలేకపోయింది. అయిదు సీజన్లు నేషనల్ లీగ్ స్థాయిలో గడిపి 2014లో తిరిగొచ్చి, 2023లో ప్రీమియర్ లీగ్ చేరింది. శిక్ష పడిందంటే పాత యాజమాన్యం తప్పును అభిమానులు ఏళ్ల తరబడి మోయడమే.

ప్రశ్న: అన్ని స్థాయిల క్లబ్బులూ ఆడే నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్‌లో ముందుకెళ్తే లీగ్ ఆట దెబ్బతింటుందా?

కాళ్లకు కష్టం, ఖజానాకు లాభం. 2005 జనవరిలో లీగ్ టూ కింది స్థాయిలో ఆడుతున్న ఎక్సెటర్ సిటీ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 67,551 మంది ముందు 0-0తో నిలువరించింది. ఆ మ్యాచ్, సమానంగా ముగిసినందుకు మళ్లీ ఆడిన రీప్లే తెచ్చిన డబ్బు అభిమానులే యజమానులైన ఆ క్లబ్బును అప్పుల్లోంచి గట్టెక్కించింది. 2024-25 నుంచి మొదటి రౌండ్ మొదలుకుని రీప్లేలు రద్దయ్యాయి. మ్యాచ్‌ల భారం తగ్గింది గానీ, చిన్న క్లబ్బులకు రెండో టికెట్ల రాబడి పోయింది. ఇప్పుడు ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే కప్ డ్రా తీసేటప్పుడు లీగ్ టూ క్లబ్బు కోరుకోవలసింది పెద్ద జట్టును, అదీ పెద్ద స్టేడియం ఉన్న జట్టు ఊళ్లో ఆడే మ్యాచ్‌ను. టికెట్ రాబడిలో పర్యాటక జట్టుకూ వాటా ఉంటుంది.